రగ్బీ టెస్ట్ జట్టు ఎంపిక: అసలు లెక్క బెంచ్ దగ్గరే

ఒక అంతర్జాతీయ రగ్బీ టెస్ట్‌కి జట్టు ప్రకటించగానే అభిమానుల్లో మొదలయ్యే గొడవ ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. ఫలానా అతన్ని ఎందుకు పక్కన పెట్టారు, ఇంత ఫామ్‌లో ఉన్నవాణ్ని బెంచ్ మీద కూర్చోబెడతారా, కోచ్‌కి ఏమైంది. పదో నంబర్ జెర్సీ ఎవరిది అన్న ఒక్క ప్రశ్న మీదే వారమంతా గడిచిపోతుంది. ఆ కోపంలో తప్పేమీ లేదు, ఆట మీద ప్రేమ ఉన్నవాళ్ళకే అది వస్తుంది. కాకపోతే ఈ వాదనలన్నీ ఒక్కో స్థానానికి ఎవరు మేటి అన్న దగ్గరే తిరుగుతుంటాయి, కోచ్‌లు మాత్రం ఇంకో ప్రశ్నతో కుస్తీ పడుతుంటారు: ఎనభై నిమిషాల్లో ఎవరు పడిపోతే ఆ పని ఎవరు చేస్తారు? బయటికి వింతగా కనిపించే ఎంపికల్లో చాలావరకు ఈ ప్రశ్నకు జవాబులే. అందుకే జట్టు జాబితా చేతికొస్తే నేను 16వ నంబర్ నుంచి, అంటే బెంచ్ నుంచి, చదవడం మొదలుపెడతాను.

కొత్తవాళ్ళ కోసం రెండు ముక్కలు. రగ్బీ యూనియన్‌లో టెస్ట్ అంటే రెండు జాతీయ జట్ల మధ్య జరిగే మ్యాచ్, క్రికెట్ టెస్ట్‌లా రోజుల తరబడి సాగదు, నలభై నిమిషాల చొప్పున రెండు భాగాల్లో అయిపోతుంది. మొదటిది 1871 మార్చి 27న ఎడింబరోలో స్కాట్లండ్, ఇంగ్లండ్ మధ్య జరిగింది, అప్పట్లో జట్టుకు ఇరవై మంది. ఇప్పుడు పదిహేను మంది మైదానంలో, మధ్యలో దించడానికి ఎనిమిది మంది బెంచ్ మీద, మొత్తం 23. నంబర్ చూస్తే చాలు ఎవరి పని ఏమిటో తెలిసిపోతుంది. 1 నుంచి 8 వరకు ఫార్వర్డ్‌లు, స్క్రమ్‌లో (రెండు వైపులా ఎనిమిదేసి మంది తలలు ఆనించి బంతి కోసం తోసుకునే చోట) తోసేదీ, లైనవుట్‌లో (పక్క గీత దాటిన బంతిని తిరిగి లోపలికి విసిరేటప్పుడు) బంతి కోసం గాల్లోకి లేచేదీ, నేల మీద బంతి కోసం కలబడేదీ వీళ్ళే. 9 నుంచి 15 వరకు బ్యాక్స్. 9వ నంబర్ స్క్రమ్ హాఫ్ ఫార్వర్డ్‌ల నుంచి బంతి తీసి అందిస్తాడు, 10వ నంబర్ ఫ్లై హాఫ్ దాన్ని ఎటు నడపాలో నిర్ణయిస్తాడు, గోల్ కిక్కులు కూడా ఎక్కువగా అతని మీదే పడతాయి. ట్రైకి, అంటే అవతలివాళ్ళ గోల్ లైన్ దాటి బంతిని నేలకి ఆనిస్తే, 5 పాయింట్లు, దాని వెంట వచ్చే కన్వర్షన్ కిక్కుకి 2, అవతలివాళ్ళ తప్పుకి దొరికే పెనాల్టీ కిక్కుకీ, ఆట నడుస్తుండగానే బంతిని నేల తగిలించి కొట్టే డ్రాప్ గోల్‌కీ 3. హోరాహోరీ టెస్టుల్లో ఈ మూడు పాయింట్ల కిక్కులే తేడా తెస్తాయి, ఆ సంగతి ముందు ముందు చాలాసార్లు వస్తుంది.

ఇక అసలు చిక్కు ఎక్కడుందంటే ఫ్రంట్ రోలో. స్క్రమ్‌లో ముందు వరుసలో నిలబడే ముగ్గురు, 1వ నంబర్ ప్రాప్, 2వ నంబర్ హుకర్, 3వ నంబర్ ప్రాప్. పెద్ద జట్లలో ఒక్కో వైపు ఎనిమిది మంది బరువు కలిపితే తొమ్మిది వందల కిలోల దాకా ఉంటుంది, ఆ బలమంతా ఈ ముగ్గురి మెడల మీదుగా అవతలివాళ్ళ మీదికి వెళ్ళాలి. ఇందులోనూ ప్రాప్‌లిద్దరి పనీ ఒకటి కాదు. 1వ నంబర్ ప్రాప్‌కి ఎడమ పక్క ఎవరూ ఉండరు, తలకి ఒక వైపు ఖాళీ ఉంటుంది. 3వ నంబర్ ప్రాప్ తల మాత్రం అవతలి హుకర్‌కీ, అవతలి 1వ నంబర్ ప్రాప్‌కీ మధ్య ఇరుక్కుంటుంది, రెండు వైపుల నుంచీ ఒత్తిడే. అలవాటు లేనివాణ్ని అక్కడ నిలబెడితే అవతలివాళ్ళకి పెనాల్టీలు పోతాయి సరే, మెడకి నిజంగా ప్రమాదం. అందుకే నిబంధనల్లోనే రాసి ఉంది: 23 మందిలో ఫ్రంట్ రోకి శిక్షణ ఉన్నవాళ్ళు ఆరుగురు ఉండాలి, మూడు స్థానాల్లో ఏ ఒక్కరు గాయపడినా ఆ పని తెలిసినవాడే రావాలి. అలాంటివాడు లేకపోతే స్క్రమ్‌లో తోపులాట ఉండదు, ఊరికే ఒకరికొకరు ఆనుకుని నిలబడి బంతి తీసుకుంటారు. స్క్రమ్‌లో బలంగా ఉన్న జట్టుకి అంతకంటే నష్టం లేదు.

ఇప్పుడు లెక్క చూడండి. బెంచ్ మీద ఎనిమిది చోట్లు ఉన్నా 16, 17, 18 నంబర్లు ముందే అయిపోయాయి, అవి ఫ్రంట్ రోవి. కోచ్ చేతిలో నిజంగా మిగిలేవి అయిదే. మామూలుగా ఒక లాక్ (4, 5 నంబర్లు), ఒక బ్యాక్ రో ఫార్వర్డ్ (6, 7, 8 నంబర్లు, వీళ్ళలో 6, 7 ఫ్లాంకర్లు), ఒక స్క్రమ్ హాఫ్, ఒక ఫ్లై హాఫ్, వింగ్‌లోనో (11, 14) ఫుల్‌బ్యాక్‌గానో (15) ఆడగలిగే ఇంకొకడు. దీన్నే 5-3 అంటారు, అయిదుగురు ఫార్వర్డ్‌లు ముగ్గురు బ్యాక్స్. బ్యాక్స్‌లో ఒకణ్ని తగ్గించి ఇంకో ఫార్వర్డ్‌ని తీసుకుంటే 6-2. ఒక్క బ్యాక్‌తోనే సరిపెట్టుకుంటే 7-1. జాబితాలో చూస్తే ఒక్క పేరే మారినట్టుంటుంది. కానీ 7-1 అంటే మొదలుపెట్టిన ఏడుగురు బ్యాక్స్‌లో ఇద్దరికి దెబ్బ తగిలితే ఒక ఫార్వర్డ్ వెళ్ళి బ్యాక్స్‌లో ఆడాల్సిందే. దానికి బదులుగా ఏం దొరుకుతుందంటే, యాభయ్యో నిమిషం దగ్గర అవతలి ఫార్వర్డ్‌లు రొప్పుతున్న సమయానికి దాదాపు మొత్తం ప్యాక్‌నే, అంటే ఎనిమిది మంది ఫార్వర్డ్‌ల గుంపునే, కొత్త ఊపిరితో దించవచ్చు.

ఈ ఆలోచన ఎంత దూరం పనిచేస్తుందో 2019 ప్రపంచ కప్‌లో తెలిసింది. దక్షిణాఫ్రికా కోచ్ రాసీ ఎరాస్మస్ 6-2 బెంచ్‌తో ఆడించాడు, ఆ బెంచ్ ఫార్వర్డ్‌లకి ‘బాంబ్ స్క్వాడ్’ అన్న పేరు అప్పుడే వచ్చింది. నవంబర్ 2న యోకొహామాలో ఇంగ్లండ్‌తో ఫైనల్. ఆట మొదలైన మూడో నిమిషంలోనే ఇంగ్లండ్ 3వ నంబర్ ప్రాప్ కైల్ సింక్లర్ తలకి దెబ్బ తగిలి బయటికి వెళ్ళాడు. అతని బదులు వచ్చిన డాన్ కోల్ చాలా అనుభవం ఉన్నవాడే, కానీ అతను వచ్చింది చివరి అరగంట ఆడదామన్న లెక్కతో, చేయాల్సివచ్చింది దాదాపు మొత్తం ఆట. ఎదురుగా మొదట టెండాయి ఎంటవారిరా, అతను అలసిపోయేలోపే స్టీవెన్ కిట్షాఫ్. స్క్రమ్ తర్వాత స్క్రమ్‌లో పెనాల్టీలు వచ్చిపడ్డాయి, దక్షిణాఫ్రికా 32-12తో గెలిచింది. ఆ రాత్రి కోల్‌ని తిట్టినవాళ్ళు చాలామంది. అది అన్యాయమని నా అభిప్రాయం. ఒక మనిషి మీద ఇద్దరు మేటి ప్రాప్‌లను వంతులవారీగా వదిలారు, ఎవరైనా కుంగిపోతారు.

తర్వాత 2023 ప్రపంచ కప్. జట్టు ఎంపిక గురించి మాట్లాడాలంటే ఇంతకంటే మంచి పాఠం నాకు తెలియదు, అందుకే కాస్త వివరంగా చెబుతాను. ఒక్కో జట్టుకి 33 మందిని తీసుకెళ్ళే అవకాశం. దక్షిణాఫ్రికా మొదట ప్రకటించిన జట్టులో ఫ్లై హాఫ్ హాండ్రే పొలార్డ్ లేడు, పిక్క గాయం నుంచి కోలుకుంటున్నాడు. 2019 ఫైనల్లో కిక్కులు కొట్టింది అతనే. అతని స్థానంలో మానీ లిబోక్, చేతిలో బంతి ఉంటే కళ్ళు తిప్పుకోలేం, గోల్ కిక్కుల్లో మాత్రం నిలకడ తక్కువ. హుకర్లు ఇద్దరు, మాల్కం మార్క్స్, బొంగి ఎంబొనాంబి. టోర్నీ మొదటి మ్యాచ్ అవగానే మార్క్స్ మోకాలికి గాయమై ఇంటిదారి పట్టాడు. హుకర్ పోతే ఇంకో హుకర్‌ని పిలవాలి, ఎవరైనా అదే అనుకుంటారు. వాళ్ళు పొలార్డ్‌ని పిలిచారు.

చాలామంది నెత్తి పట్టుకున్నారు. ఫ్రంట్ రోలో మనిషి పోతే ఫ్లై హాఫ్‌ని తెస్తారా? ఉన్న ఒక్క అసలు హుకర్ ఎంబొనాంబికి ఏమైనా అయితే? దానికి వాళ్ళ జవాబు డియాన్ ఫూరీ. అప్పటికి ఫ్లాంకర్‌గా స్థిరపడ్డాడు కానీ కెరీర్‌లో చాలాకాలం హుకర్‌గా ఆడాడు, దేశానికి మొదటి టెస్ట్ ఆడిందే 2022లో, 35 ఏళ్ళ వయసులో. అంటే రెండో హుకర్ ఉన్నట్టే, పూర్తిగా ఉన్నట్టు కాదు. ఇక్కడ కోచ్‌లు రెండు ప్రమాదాలను పక్కపక్కన పెట్టి చూశారు. ఒకటి, ఎంబొనాంబి పడిపోతే లైనవుట్‌లో బంతి విసరడం దెబ్బతింటుంది. రెండు, దగ్గరి మ్యాచ్‌లో కిక్కులు తప్పితే ఓడిపోతాం. మొదటిది జరగవచ్చు, జరగకపోవచ్చు. రెండోది వాళ్ళకి కళ్ళముందే కనిపిస్తోంది.

అది అందరికీ కనిపించింది సెప్టెంబర్ 23న, ఐర్లండ్‌తో మ్యాచ్‌లో. ఆ రోజు 7-1 బెంచ్, పొలార్డ్ ఇంకా బరిలోకి దిగలేదు. దక్షిణాఫ్రికా 13-8తో ఓడింది, లిబోక్, స్క్రమ్ హాఫ్ ఫాఫ్ డి క్లర్క్ ఇద్దరూ కలిసి కిక్కుల్లో 11 పాయింట్లు వదిలేశారు. ఫార్వర్డ్‌లు ఎంత తోసినా ఏం లాభం, సంపాదించిన పెనాల్టీ స్కోరుబోర్డు మీదికి ఎక్కకపోతే.

క్వార్టర్ ఫైనల్లో ఫ్రాన్స్ మీద 29-28. ఆ మ్యాచ్‌లో ఒక చిన్న సంఘటన గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఫుల్‌బ్యాక్ డామియన్ విల్లెమ్స తన గోల్ లైన్‌కి దగ్గర్లో, 22 మీటర్ల గీత లోపల, ఎత్తుగా వచ్చిన బంతిని పట్టుకుని ‘మార్క్’ అడిగాడు. అలా అడిగినవాడికి ఫ్రీ కిక్ వస్తుంది, ఎవరైనా బంతిని దూరంగా తన్నేసి ఊపిరి పీల్చుకుంటారు. విల్లెమ్స స్క్రమ్ కావాలని సైగ చేశాడు. సొంత గోల్ లైన్‌కి అంత దగ్గర్లో స్క్రమ్ కోరుకోవడం అంటే మా ఎనిమిది మంది మీ ఎనిమిది మందిని తోసేస్తారని చెప్పడమే. ఒక ఫుల్‌బ్యాక్ ఆ నిర్ణయం తీసుకోగలిగాడంటే దాని వెనుక జట్టు ఎంపిక ఉంది, ఆట మొదలవకముందే వేసుకున్న లెక్క ఉంది. తర్వాతి ఏడాది, 2024 జులైలో, ఫ్రీ కిక్ నుంచి స్క్రమ్ ఎంచుకునే వీలునే ఆట పాలక సంస్థ వరల్డ్ రగ్బీ తీసేసింది.

సెమీ ఫైనల్ ఇంగ్లండ్‌తో, వానలో. ఇంగ్లండ్ పాయింట్లన్నీ ఓవెన్ ఫారెల్ కాలి నుంచే వచ్చాయి. లిబోక్‌ని మొదటి సగం పూర్తికాకుండానే, 31వ నిమిషం దగ్గర, బయటికి పిలిచి పొలార్డ్‌ని దించారు. ఒక ఆటగాడికి అంతకంటే కష్టమైన క్షణం ఉండదు, చూసేవాళ్ళకే మనసు చివుక్కుమంది. స్కోరు 15-6 దగ్గరున్నప్పుడు బెంచ్ నుంచి వచ్చిన ఆర్.జి. స్నైమన్ 69వ నిమిషంలో ట్రై చేశాడు, పొలార్డ్ కన్వర్షన్ కొట్టాడు, 15-13. అప్పుడు బెంచ్ నుంచే వచ్చిన ప్రాప్ ఆక్స్ ఎన్‌చే ఒక స్క్రమ్‌లో అవతలివాణ్ని కుదిపేసి పెనాల్టీ తెచ్చాడు. దాదాపు 49 మీటర్ల నుంచి కిక్. ఆటకి ఇంకో రెండు మూడు నిమిషాలే ఉన్నాయి. పొలార్డ్ కొట్టాడు, 16-15. స్క్రమ్‌లో గెలిచే ప్రాప్ ఉండి ఆ కిక్ కొట్టేవాడు లేకపోతే ఓటమి, కొట్టేవాడు ఉండి ప్రాప్ లేకపోతే కిక్కే లేదు. ఇద్దరూ మొదటి పదిహేనులో లేరన్నది గుర్తుపెట్టుకోండి.

అక్టోబర్ 28, ఫైనల్, న్యూజీలాండ్‌తో, మళ్ళీ 7-1 బెంచ్. ఉన్న ఒకే ఒక్క బ్యాక్ విల్లీ లె రూ, అతను ఫుల్‌బ్యాక్. అంటే రెండో స్క్రమ్ హాఫ్ లేడు, రెండో ఫ్లై హాఫ్ లేడు. మొదటి అయిదు నిమిషాలు పూర్తికాకముందే ఎంబొనాంబి మోకాలి మీద న్యూజీలాండ్ ఫ్లాంకర్ షానన్ ఫ్రిజెల్ పడ్డాడు, ఫ్రిజెల్‌కి పది నిమిషాలు బయట కూర్చోబెట్టే పసుపు కార్డు, ఎంబొనాంబి ఆట ముగిసింది. ఏ భయంతో అయితే అందరూ నెత్తి పట్టుకున్నారో సరిగ్గా అదే జరిగింది. 37 ఏళ్ళ ఫూరీ వచ్చాడు, చివరిదాకా ఆడాడు. లైనవుట్ తడబడింది, విసిరిన బంతులు కొన్ని అవతలివాళ్ళ చేతుల్లో పడ్డాయి. కానీ పొలార్డ్ మొదటి సగంలోనే నాలుగు పెనాల్టీలు కొట్టాడు, నాలుగు మూళ్ళు పన్నెండు. న్యూజీలాండ్ కెప్టెన్ శామ్ కేన్‌కి ఎర్ర కార్డు పడింది, అయినా బోడెన్ బారెట్ ట్రైతో వాళ్ళు 11 దాకా వచ్చారు. చివర్లో చెస్లిన్ కొల్బే పసుపు కార్డుతో బయట కూర్చుని తలమీదికి జెర్సీ లాక్కుని చూడలేకపోయాడు, జోర్డీ బారెట్ దూరం నుంచి కొట్టిన పెనాల్టీ పక్కకి పోయింది. 12-11. రెండో సగంలో దక్షిణాఫ్రికా ఒక్క పాయింట్ కూడా చేయలేదు.

గెలిచారు కాబట్టి ఆ ఎంపిక సరైనదే అనే వాదన నాకు నచ్చదు. జోర్డీ బారెట్ కిక్ లోపలికి పడి ఉంటే ఇదే జట్టుని ఇదే కారణాలతో తిట్టి ఉండేవాళ్ళం. నేను ఒప్పుకునేది ఎందుకంటే, వాళ్ళు ఏ నష్టానికి సిద్ధపడుతున్నారో వాళ్ళకి తెలుసు. ఫూరీ ఉంటే లైనవుట్ బలహీనపడుతుందని తెలుసు, పొలార్డ్ లేకపోతే ఇంకా ఎక్కువ పోతుందని కూడా తెలుసు. ఎంపికని తూచాల్సింది ఫలితంతో కాదు, దెబ్బ తగిలినప్పుడు జట్టు చేతులెత్తేసిందా, లేక సిద్ధంగా ఉందా అన్నదానితో.

ఈ దృష్టితో చూస్తే ఫ్రాన్స్ 2025 మార్చి 8న డబ్లిన్‌లో చేసింది ఇంకా తెగింపు. యూరప్‌లోని ఆరు దేశాల టోర్నీ సిక్స్ నేషన్స్‌లో టైటిల్‌కి కీలకమైన మ్యాచ్, ఐర్లండ్ సొంతగడ్డ, ఫ్రాన్స్ 7-1తో వెళ్ళింది. బెంచ్ మీద ఉన్న ఒక్క బ్యాక్ స్క్రమ్ హాఫ్ మాక్సిమ్ లుక్యు. మొదటి సగంలోనే కెప్టెన్ ఆంత్వాన్ డ్యుపాన్ మోకాలికి తీవ్రమైన గాయం, లుక్యు రావాల్సి వచ్చింది. దాంతో బ్యాక్స్ అయిపోయారు. తర్వాత సెంటర్ (12, 13 నంబర్లు) పియెర్-లూయీ బరాసీ తలకి దెబ్బ తగిలి వెళ్ళిపోతే ఫ్లాంకర్ ఒస్కార్ జెగు సెంటర్‌గా ఆడాడు. ప్రపంచంలోనే మేటి స్క్రమ్ హాఫ్ పోయి, ఒక ఫార్వర్డ్ బ్యాక్స్‌లో నిలబడి, అయినా ఫ్రాన్స్ 42-27తో గెలిచింది. బయట నుంచి చూస్తే అదృష్టం అనిపిస్తుంది కానీ, పరిగెత్తగల, ఖాళీని కాపాడగల ఫ్లాంకర్ లేకుండా ఎవరూ 7-1 జోలికి పోరు. దక్షిణాఫ్రికా బెంచ్‌లో ఆ పని చేసే క్వాగా స్మిత్ జట్టుకు ఏడుగురే ఆడే సెవెన్స్ రగ్బీ నుంచి వచ్చినవాడు, 2016 రియో ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన జట్టులో ఉన్నాడు. ఎరాస్మస్ 2025లో ఇంకో అడుగు ముందుకేసి సెంటర్ ఆంద్రే ఎస్టర్‌హౌజెన్‌ని ఫార్వర్డ్‌గానూ వాడుకున్నాడు. ఒకే మనిషి రెండు పనులు చేస్తే బెంచ్ మీద ఇంకో చోటు మిగిలినట్టే.

బెంచ్ సంగతి పక్కన పెట్టినా, ఒక్కో స్థానానికి మేటివాణ్ని తీసుకుంటూ పోతే మంచి జట్టు తయారవదు. 2013లో బ్రిటిష్ అండ్ ఐరిష్ లయన్స్ (ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్, ఐర్లండ్ ఆటగాళ్ళ ఉమ్మడి జట్టు) ఆస్ట్రేలియా పర్యటనలో సిరీస్ 1-1 దగ్గరుండగా సిడ్నీలో చివరి టెస్ట్‌కి కోచ్ వారెన్ గాట్‌లండ్ సెంటర్ బ్రయన్ ఓడ్రిస్కాల్‌ని తీసేశాడు. ఐర్లండ్ అభిమానులకి అతను దేవుడితో సమానం. పైగా మొదలుపెట్టిన పదిహేనులో పదిమంది వేల్స్ వాళ్ళు, గాట్‌లండ్ వేల్స్ కోచ్. వివాదం ఎంత రేగిందో చెప్పక్కర్లేదు. అతని లెక్క మాత్రం సూటిగా ఉంది: గాయం నుంచి తిరిగొచ్చిన జేమీ రాబర్ట్స్ పక్కన జోనథన్ డేవిస్. ఇద్దరూ వేల్స్‌కి కలిసి ఆడినవాళ్ళే, ఒకడు ముందుకు దూకితే రెండోవాడు ఎక్కడ నిలబడాలో మాట్లాడుకోనక్కర్లేదు. లయన్స్ 41-16తో గెలిచారు. ఓడ్రిస్కాల్ ఉన్నా గెలిచేవాళ్ళేమో, అది ఎవరూ తేల్చలేరు. అతన్ని బెంచ్ మీదైనా ఉంచాల్సిందని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. కానీ 12, 13 నంబర్లను విడివిడిగా కాకుండా జంటగా చూడాలన్న ఆలోచనని కాదనలేను. 8, 9, 10 నంబర్లూ అంతే, స్క్రమ్ వెనక నుంచి బంతి కదిలే దారి వీళ్ళ మీదుగానే.

పదో నంబర్ గొడవకి కూడా చాలాసార్లు ఇదే జవాబు. 2025 సెప్టెంబర్‌లో దక్షిణాఫ్రికా న్యూజీలాండ్ వెళ్ళింది. 1994 తర్వాత ఆతిథ్య జట్టు ఓడిపోని ఈడెన్ పార్క్‌లో మొదటి మ్యాచ్, పదో నంబర్‌గా పొలార్డ్, 24-17తో ఓటమి. వారం తర్వాత వెల్లింగ్టన్‌లో చాలా మార్పులు, పదో నంబర్‌గా లిబోక్. అదే లిబోక్, వానలో 31వ నిమిషంలో బయటికి పిలిపించుకున్నవాడు. 43-10తో గెలిచారు, న్యూజీలాండ్ చరిత్రలో అంత తేడాతో ఎప్పుడూ ఓడలేదు. ఇద్దరిలో ఎవరు గొప్ప అని తేల్చాలనుకునేవాళ్ళకి ఈ రెండు మ్యాచ్‌లూ ఏ జవాబూ ఇవ్వవు. తడి బంతి, ఒక్క పాయింట్ తేడా ఉన్న రాత్రికి ఒకడు, బంతిని వెడల్పుగా ఆడించి అవతలివాళ్ళని చెదరగొట్టాల్సిన రోజుకి ఇంకొకడు.

ఇక ఎంపికకి అసలు రాని పేర్ల సంగతి. ‘అతన్ని ఎందుకు తీసుకోలేదు’ అని అడిగే ప్రశ్నల్లో చాలావాటికి కోచ్‌కి సంబంధమే ఉండదు. న్యూజీలాండ్ తమ దేశంలో ఆడేవాళ్ళనే ఎంచుతుంది, 2023 ఫైనల్ ఆడిన ఫ్లై హాఫ్ రిచీ మోఉంగా ఆ తర్వాత జపాన్ క్లబ్‌కి వెళ్ళడంతో ఎంపికకి దూరమైపోయాడు. ఇంగ్లండ్‌దీ దాదాపు అదే పద్ధతి, ప్రత్యేక పరిస్థితులుంటే తప్ప విదేశీ క్లబ్బుల్లో ఆడేవాళ్ళని తీసుకోదు. ఆస్ట్రేలియా 2015లో కాస్త తలుపు తీసింది, కనీసం 60 టెస్టులు ఆడి, ఏడేళ్ళు దేశంలో ఆడినవాళ్ళు బయట క్లబ్బుల్లో ఉన్నా రావచ్చని. మాట్ గిటో అలాగే తిరిగొచ్చాడు, ఆ నిబంధనకి అతని పేరే స్థిరపడింది. దక్షిణాఫ్రికా విదేశాల్లో ఆడేవాళ్ళనీ తీసుకుంటుంది, వాళ్ళ బెంచ్ అంత లోతుగా ఉండటానికి ఇదో కారణం.

ఏ దేశానికి ఆడవచ్చన్న నిబంధన వేరే. అక్కడ పుట్టి ఉండాలి, లేదా తల్లిదండ్రుల్లోనో అవ్వాతాతల్లోనో ఒకరు అక్కడ పుట్టి ఉండాలి, లేదా అక్కడ ఉంటూ అర్హత సంపాదించాలి, దానికి ఒకప్పుడు మూడేళ్ళు చాలేది, తర్వాత వరసగా అయిదేళ్ళకి పెంచారు. ఒకసారి ఒక దేశానికి ఆడితే జీవితాంతం అంతే అన్నది 2022లో మారింది. మూడేళ్ళు అంతర్జాతీయ రగ్బీకి దూరంగా ఉండి, పుట్టుక ద్వారానో పెద్దల ద్వారానో ఇంకో దేశంతో సంబంధం ఉంటే ఒక్కసారి మారవచ్చు. జొహానెస్‌బర్గ్‌లో పుట్టిన లాక్ జాన్ క్లైన్ నివాస నిబంధన కింద 2019 ప్రపంచ కప్ ఐర్లండ్‌కి ఆడాడు, 2023 ఫైనల్ దక్షిణాఫ్రికా బెంచ్ మీద ఉన్నాడు. ఈ మార్పు వల్ల ఎక్కువ మేలు జరిగింది టోంగా, సమోవా లాంటి చిన్న దేశాలకి. న్యూజీలాండ్ జట్టు ఆల్ బ్లాక్స్‌కి ఆడిన చార్ల్స్ పియుటౌ తర్వాత టోంగాకి ఆడగలిగాడు. అభిమానుల్లో కొందరు దీన్ని జెర్సీకి అవమానం అంటారు, నేను ఒప్పుకోను. కొన్ని టెస్టులకి వాడుకుని పక్కన పెట్టేసిన ఆటగాణ్ని అతని తల్లిదండ్రుల దేశానికి కూడా ఆడొద్దనడం కంటే ఇది ఎంతో నయం.

క్లబ్బుల సంగతి కూడా ఉంది. జులై, నవంబర్ లాంటి నిర్ణీత సమయాల్లో క్లబ్బులు ఆటగాళ్ళని దేశానికి వదలాల్సిందే, ఆ గడువు బయట పెట్టుకున్న టెస్టులకి వదలాలన్న నియమం లేదు. ఆడని పేరు చూసి గాయమనుకుంటాం, కారణం కొన్నిసార్లు క్యాలెండర్. తలకి దెబ్బ తగిలినవాళ్ళది ఇంకో లెక్క: అనుమానం వస్తే 12 నిమిషాల పరీక్ష, కన్‌కషన్, అంటే మెదడు అదిరిందని తేలితే చాలామందికి కనీసం 12 రోజుల విరామం. వరస శనివారాల్లో టెస్టులున్న సిరీస్‌లో అది తర్వాతి మ్యాచ్‌ని నేరుగా తినేస్తుంది. ఈ విషయంలో కోచ్‌లకి ఏ వెసులుబాటూ ఇవ్వకపోవడమే మంచిది.

చివరిగా 7-1ని నిషేధించాలన్న డిమాండ్ గురించి. 7-1ని వ్యతిరేకించేవాళ్ళు రెండు మాటలంటారు. ఒకటి, అలసిపోయినవాళ్ళ మీదికి తాజాగా ఉన్న ఏడుగురు బరువైనవాళ్ళని ఒకేసారి వదలడం ప్రమాదం. రెండు, ఇది ఆట స్ఫూర్తికి విరుద్ధం. రెండోది నాకు అర్థం కాదు, నష్టం భరించడానికి సిద్ధపడి తీసుకున్న నిర్ణయంలో స్ఫూర్తికి విరుద్ధమేముంది. ఎంత ప్రమాదమో డ్యుపాన్ పడిపోయిన రోజు ఫ్రాన్స్‌కి తెలిసొచ్చింది. మొదటి మాట మాత్రం తోసిపుచ్చేది కాదు. అయితే అలసట, తాజాదనాల తేడాయే సమస్య అయితే అది 5-3లోనూ ఉంది, 6-2లోనూ ఉంది. ఎవరు కూర్చోవాలో నిబంధనతో శాసించడం కంటే ఎంతమంది కూర్చోవాలో తగ్గించడం నిజాయితీ గల దారి. బెంచ్‌ని ఎనిమిది నుంచి ఆరుకి దించితే ముగ్గురు ఫ్రంట్ రో పోగా మూడే చోట్లు మిగులుతాయి. అప్పుడు లాక్‌లూ ఫ్లాంకర్లూ ఎక్కువమంది ఎనభై నిమిషాలూ ఆడాలి, అంత ఆడాలంటే ఒళ్ళు తగ్గించుకోవాలి, చివరి ఇరవై నిమిషాల్లో బ్యాక్స్‌కి ఖాళీలు దొరుకుతాయి. కాకపోతే ఒక లాక్‌కీ ఒక ఫ్లాంకర్‌కీ వరసగా గాయాలైతే ఏం చేయాలన్నది వెంటనే వచ్చే ప్రశ్న, దానికి సరైన జవాబు ఎవరైనా చెప్పేదాకా నేను ఎనిమిది మంది బెంచ్ వైపే ఉంటాను, దాన్ని ఎలా నింపుకోవాలన్నది కోచ్‌కే వదిలేయాలంటాను.